మరమేకు విజయము

వినుడు, శ్రోతలారా! కునికిపాట్లకు అనువైన ఆదివారపు అపరాహ్ణము. మూడవ అంతస్తులోని ముందుగది. తిరుగుటయా మానుటయా యని తేల్చుకొనలేని పంకా. ఆ గదిలో ఆ దినమున జరిగిన మహాసంగ్రామమున రక్తము చిందలేదు గాని, కాఫీ మాత్రము కొంచెము ఒలికెను.

కళ్లద్దాల దుకాణాధిపతియు, సూక్ష్మదర్శనదురంధరుడును, కంటికానని మరలను కనుసన్నల బిగింపజాలినవాడును, బంధుజనముచేత ‘తీగల బావ’ యని పిలువబడువాడును అగు మన కథానాయకుని గోడపై, కొక్కెమునకు, తేనెరంగు ఎలక్ట్రిక్ గిటారొకటి వ్రేలాడుచుండెను. హోటలు బ్యాండులో దానిని మ్రోయించిన పెదనాన్న, చేతులు వణకనారంభించినపుడు దీనిని ఇతనికిచ్చి, “నా చేతికి ఎట్లా వచ్చిందో అట్లాగే ఇస్తున్నారా అబ్బాయ్. దీంట్లో ఒక్క మర కూడా మార్చలేదు” అని చెప్పెను. పెదనాన్న పోయెను, ఆ మాట మాత్రము మిగిలెను. వచ్చినవారికెల్ల మన వీరుడు ఆ మాటనే చెప్పి చెప్పి విసిగించుచుండగా, అత్తవారివైపు జనమంతయు “పాపం, ఆయనకి ఒక స్క్రూ లూజు” అని తీర్మానించుకొనిరి.

అట్టి గోడపై కన్నువేసినవాడు స్వయాన బావమరిది. గంటగంటకు కోడిపుంజు తలుపు తీసుకొని వచ్చి కూయు గడియారమొకటి బహూకరించి, అది పెట్టెలోనే మ్రగ్గుచుండుట చూచి, ఆ మధ్యాహ్నము అతడు ఉండబట్టలేక ఇట్లనెను: “పాత గిటార్లన్నీ అతుకుల బొంతలే బావా. నీదాన్లో ఒరిజినల్ అంటే ఆ దుమ్మొక్కటే.”

అంతట తీగల బావ సోఫాపైనుండి ఉవ్వెత్తున లేచి, “ఓరీ కుక్కుటఘటికాయంత్రప్రదాతా! ఈ వాద్యమున ఒక్క భాగము మారినదని తేలెనేని, దీనిని అటకెక్కించి, ఈ కొక్కెమున నీ కోడిని స్వహస్తములతో వ్రేలాడదీయుదును! ఇదే నా ప్రతిజ్ఞ!” అని గర్జించెను.

“కాస్త మెల్లగా మాట్లాడండి, కిందివాళ్లు వింటారు” అనెను వంటింటినుండి ఇల్లాలు. “ప్రతిజ్ఞలు తర్వాత. ఆ కుక్కర్ పిడి ఊగిపోతోందని ఎన్నాళ్ల నుంచి మొత్తుకుంటున్నాను?”

“యుద్ధం మధ్యలో కుక్కరేంటే!” అని వీరుడు విసుగుకొనెను.

తీర్పరిగా గిటార్లు బాగుచేయు సోల్డర్ మాస్టారు వేంచేసెను. అతని భాషలో రెండే మాటలు: బాగుంటే ‘ఊఁ’, లేకుంటే ‘ఊహూఁ’. అతడు తీగలు విప్పి, గిటారును వెలుతురునకు వాలుగా పట్టి, వయసుచేత పూతపై పడిన సన్నని పగుళ్లను ఆఘ్రాణించినంత దగ్గరగా చూచి, “ఊఁ” అనెను. ముందు రేకు విప్పి, శబ్దము పెంచు మీట అడుగున అచ్చొత్తిన అంకెలనుండి అది పుట్టిన యేడు లెక్కగట్టి, “ఊఁ” అనెను. బూడిదరంగుకు తిరిగిన టంకమును, ఏ కొత్త చేయియు తాకలేదని నిర్ధారించుకొని, “ఊఁ” అనెను. మెడ ఊడదీసి, దాని మడమన పెన్సిలుతో వ్రాసిన తేది మీట వయసుతో సరిపోవుటచూచి, “నీకంటే పెద్దదేనోయ్” అని తన జీవితమున దీర్ఘోపన్యాసమొకటి చేసెను. ప్రతి ‘ఊఁ’కు తీగల బావ ఛాతి ఉబ్బెను, బావమరిది ముఖము వాడెను.

పిదప మాస్టారు గిటారును తలక్రిందులు చేసెను. అడుగున, భుజపు పట్టీ తగిలించు గుండీ యొకటి కలదు. గోడకున్నంతకాలము అది నేలవైపే చూచుచుండుటచేత దానినెవ్వరును పరికించి చూడలేదు. దాని మరను విప్పి వెలికిదీసి, అరచేతనుంచుకొని, మాస్టారు పలికెను:

“ఊహూఁ.”

పంకాయు ఆగినట్లయ్యెను.

“ఇది చెక్కలోకి దిగే మర కాదు” అనెను మాస్టారు. “ఇనుములోకి దిగేది. దీని చుట్లు చూడు, ఎంత సన్నగా ఉన్నాయో.”

బావమరిది తత్క్షణమే గడియారమును పెట్టెనుండి తీసి, కొక్కెము ఎత్తును కన్నులతో కొలువసాగెను. కోడి బయటికి వచ్చి కూసెను. వీరుడు సోఫాపై కూలబడెను. గోడ పోయినందుకు కాదు అతని దుఃఖము. పెదనాన్న తనతో అబద్ధమాడెనా యని. మరలనే బ్రతుకు చేసుకొన్నవాని కంట ఒక మర నీరు తెప్పించెను.

అపుడు కాఫీ తెచ్చిన ఇల్లాలు మాస్టారి అరచేతిలోనికి తొంగిచూచి, కప్పులోని కాఫీ తొణుకగా, “అరె! ఇది మన కుక్కర్ పిడిది కదూ?” అనెను.

“ఏమిటీ?”

“ఒకసారి దుమ్ము దులుపుతుంటే ఆ గుండీ ఊడి పడిందండీ. అప్పుడే కుక్కర్ పిడి కూడా విప్పి కడిగి ఆరబెట్టాను. రెండు మరలూ ఈ బల్ల మీదే ఉన్నాయి. దేనిది దేనికి పెట్టేశానో ఏమో! అందుకే ఆ పిడి అప్పట్నుంచీ ఊగుతోంది.”

తీగల బావ స్క్రూడ్రైవరును ఖడ్గమువలె ధరించి వంటింటిపై దండెత్తెను. మిగిలినవారు వెంట నడచిరి. కుక్కరు పిడి విడివడెను. ఆవిరికి కమిలి, పులుసుకు నల్లబడి, చిరకాలబందీయైన మరయొకటి వెలువడెను. మాస్టారు దానిని గిటారు పైకొమ్మునగల రెండవ గుండీ మర ప్రక్కన పెట్టి చూచెను. అదే తల, అవే చుట్లు.

“ఊఁ” అనెను. “ఇల్లు దాటలేదుగా. మొత్తం ఒరిజినలే.”

“పెదనాన్న అబద్ధం చెప్పలేదే!” అని వీరుడు భార్య చేతులు పట్టుకొని నిస్సంకోచముగా ఏడ్చెను.

“చెప్పలేదు సరే. ఆ రెండోది కుక్కర్‌కి బిగించి ఏడవండి” అని ఆమె కూడ కన్నులు తుడుచుకొనెను. పిదప తమ్మునివైపు తిరిగి, “మనవాళ్లు అన్నది నిజమేరా. ఈయనకి ఒక స్క్రూ లూజే. అది ఇన్నాళ్లూ కుక్కర్లో ఉంది, అంతే” అనెను.

జయము, జయము! గిటారు కొక్కెమెక్కెను. పిడి ఊగుట మానెను. అటకపై పెట్టెలోనుండి కుక్కుటరాజము గంటగంటకు, గొంతు పూడుకొనిపోయినను, ఒక మరమేకు తన చిల్లును తాను చేరిన మహావార్తను లోకమునకు చాటుచునే యున్నది.