పెద్దసారు లైన్లకొస్తడు

కోరుట్ల దగ్గరి ఒక ఊరికి దేవేందర్ పంచాయతీ కార్యదర్శి. ఆ పొద్దున అతను అనుకున్నది చాలా చిన్న పని. పదకొండింటి మీటింగ్ ముగించుకుని సిరిసిల్లలో పెళ్లిచూపులకు పోవాలి. ఇప్పటికే రెండుసార్లు జగిత్యాలలో మీటింగులు పడి ఆ చూపులు తప్పాయి. ఈసారి ఎవరూ జగిత్యాల రానక్కర్లేదని, వీడియో కాన్ఫరెన్స్ పెడుతున్నామని జిల్లా ఆఫీసు పెద్దసారు ఆర్డరిచ్చాడు.

తల్లి సత్యవ్వ ముందే సిరిసిల్ల చేరి ఫోన్ చేసింది. "గీసారి గూడ రాకుంటే పిల్లను ఇంకోళ్లకిస్తరట కొడుకా."

"వస్తున్ననే అవ్వా. గంటల అయిపోతది."

ఆ తొందరలోనే ఆఫీసు ఊడ్చే సమ్మవ్వతో, "పెద్దసారు పదకొండింటికి లైన్లకొస్తడు, జర గది సాఫ్ చెయ్యి" అన్నాడు.

సమ్మవ్వకు తెలిసిన లైన్ ఒక్కటే, తాను ఉండే వీధి, వెనక లైన్. వారం నుంచి అక్కడ నల్లా నీళ్లు రావడం లేదు. ఆమె చీపురు పడేసి ఇంటి దిక్కు పరుగెత్తింది. సంగతి తెలియగానే ఆడవాళ్లంతా వాకిళ్లు ఊడ్చారు. చల్లడానికి నీళ్లు ముందు లైన్‌లో బదులు తెచ్చుకున్నారు. ఎంతసేపటికీ జీపు రాకపోయేసరికి ఖాళీ బిందెలు పట్టుకుని ఆఫీసుకే బయలుదేరారు.

అప్పటికి దేవేందర్ కంప్యూటర్ ముందు కూర్చుని, "మా ఊర్ల నీళ్ల తక్లీఫ్ లేదు సార్" అంటున్నాడు.

"సారేడి?" అంటూ అందరికన్నా ముందు ఐలవ్వ లోపలికి దూరింది.

"గిండ్ల ఉన్నడు" అని దేవేందర్ తెర చూపించాడు. "జర మెల్లగ మాట్లాడవ్వా."

"లైన్లకొస్తడంటివట?"

"లైనంటే గీ లైనే."

"గీ డబ్బల కూసొని మా నల్లా ఎట్ల జూస్తడు?" అని ఐలవ్వ తన బిందెను ఎత్తి కెమెరాకు ఆనించింది.

జగిత్యాలలో పెద్దసారుకు అంతా చీకటయింది. "దేవేందర్, కరెంట్ పోయిందా?"

"లేదు సార్. బిందె."

"బిందెల ఏముంది?"

దేవేందర్ బిందెలోకి తొంగి చూశాడు. "ఏం లేదు సార్."

"సరే, నేనే వస్తున్న. నువ్వు లైన్లనే ఉండు."

ఏ లైనో అడిగే ధైర్యం దేవేందర్‌కు లేకపోయింది. తెర ఆరిపోయేదాకా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తర్వాత పోయి వెనక లైన్‌లో నిలబడ్డాడు.

మధ్యాహ్నం పెద్దసారు నిజంగానే జీపు దిగి, ఒక్కో నల్లా తిప్పి చూస్తూ నడిచాడు. అంతలో దేవేందర్ ఫోన్ మోగింది. వీడియో కాల్.

"నువ్వెట్లయినా రావు. ఇగ గిట్లనే జూడు" అని సత్యవ్వ ఫోన్‌ను పిల్ల చేతికిచ్చింది. పిల్ల పేరు మనీషా. దేవేందర్ మెల్లగా గోడ పక్కకు జరిగాడు. బిందెలు కూడా అతని వెనకే జరిగాయి.

"ఏమన్న అడుగుతవా బిడ్డా?" అన్న సత్యవ్వ గొంతు వినిపించింది.

మనీషా తల వంచుకుని, "మీరుండే ఊర్ల నల్లా మంచిగ వస్తదా?" అంది.

పెద్దసారు కూడా ఇటు తిరిగాడు. దేవేందర్ నోరు తెరిచేలోపే, జవాబు చెప్పడానికి లైనంతా ముందుకొచ్చింది.