కన్నమ్మ ఢోలక్ దిగ్విజయం

ఎర్రమన్ను తప్ప వేరే మన్ను ఎరగని బైలదిలా గిరిశ్రేణి పాదపీఠాన, ఆ కొండల ఇనుపగుండెను యంత్రరాక్షసులు అలుపెరగక తవ్వి పోస్తుంటే, ఆ గుండె ముక్కలను మోసుకుంటూ గూడ్సుబండ్లు బారులు తీరి విశాఖ సముద్రం వైపు సాగిపోతున్న ఖనిజయుగంలో, ఉదయాన ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి సన్యాసం పుచ్చుకునే కిరందుల్ రైల్వే కాలనీలో, క్రిస్మస్ ముందరి చలిమధ్యాహ్నాన, కరెంటనే చంచలస్వభావురాలు దయతలచి ఇంకా నిష్క్రమించని శుభఘడియలో, ఓ శ్రోతలారా, ఒక మహాసంగ్రామం జరిగింది. అందులో నెత్తురు చిందలేదు. టీ మాత్రం కొంత ఒలికింది.

ఆ సంగ్రామానికి మూలం కన్నమ్మ. గూడ్సు డ్రైవరు దేవరాజుకు సొంత అక్క. బొబ్బిలి దగ్గరి అత్తవారి ఊరు విడిచి, భర్త పోయాక తమ్ముడి క్వార్టర్‌కు వచ్చిన నాటి నుంచి తెలుగు చర్చి వారి క్రిస్మస్ ఊరేగింపులో ఢోలక్ ఆమెదే. మెడలో తాడు, నడుముకు కొంగు, కళ్ళలో నిప్పు! ఆమె ఎడమచేయి పడితే కుక్కలు దారి తొలగేవి, పసిపిల్లలు నిద్రలేచేవారు, క్వార్టర్ల తలుపులు వాటంతటవే తెరుచుకునేవి.

అటువంటి వీరవనితకు సంఘ సమావేశంలో అవమానం జరిగింది. చేసినవాడు కార్యదర్శి రామ్మూర్తి, రిటైరైన గార్డు, తాను పచ్చజెండా ఊపకపోతే సూర్యుడు కూడా కదలడని నేటికీ నమ్మే మహానుభావుడు.

"సూడండి!" అన్నాడాయన గొంతు సవరించుకుని. "పక్క కాలనీవోళ్ళు మొన్న డీజే ఎట్టినారు. మా ఇంట్లో గాజుగ్లాసులు గలగలమన్నాయి. మన కన్నమ్మ వాయిస్తే పక్కన నిలబడ్డోడికే వినబడదు. ఈ ఏడు పాట పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి బండిమీద స్పీకర్లలో వేసేద్దాం. అంతా మిషన్ డ్రమ్ములే. కన్నమ్మ చప్పట్లు కొట్టుకుంటా ఎనకాల రావచ్చు."

కన్నమ్మ ఒళ్ళోని ఢోలక్‌ను చంటిబిడ్డను తిప్పినట్టు అవతలి వైపుకు తిప్పుకుంది, ఆ మాట దానికి వినబడకూడదన్నట్టు. అది చూసింది ఆమె పక్కన కూర్చున్న ప్రమీలారాణి, దేవరాజు భార్య. డిపార్టుమెంటు పరీక్షకు చదువుతానని భర్త కొనుక్కుని ఏనాడూ తెరవని లాప్‌టాప్‌ను స్వాధీనపరచుకుని, వీడియోలు చూసి పాటలు రికార్డు చేయడం నేర్చిన స్వయంశిక్షిత. ఆమె లేచి నిలబడి సింహగర్జన చేసింది.

"రామ్మూర్తి గారూ! మిషన్ డ్రమ్ములు నా లాప్‌టాప్‌లో గదినిండా ఉన్నాయి. కానీ మా వదిన సెయ్యి పడని పాట నా గుమ్మం దాటదు. ఆ ఢోలక్‌తోనే మీ ఛాతీ అదిరేలాగ సేస్తాను. సెయ్యలేకపోతే ఆ లాప్‌టాప్ మూసేసి దానిమీద అప్పడాలు ఆరబెట్టుకుంటాను!"

లాప్‌టాప్ అసలు యజమాని దేవరాజు చిన్నగా దగ్గాడు.

"శనివారం మజ్జానం చర్చి ముందర వినిపించమ్మా," అన్నాడు రామ్మూర్తి. "అదిరితే అదిరిందనే అంటాను."

మరునాడు మధ్యాహ్నం ఇంటి ముందుగది రణరంగంగా మారింది. గోడలకు రజాయిలు, కిటికీకి బొంత, తలుపు కింద తువ్వాలు. ఫ్యాను ఆగింది. కుక్కర్ దిగింది. కన్నమ్మ వేళ్ళకు పౌడరు రాసుకుని మైకు ముందు కూర్చోగానే, గోడ అవతలి పట్టాల మీద ఖనిజవాహిని ఒకటి భూమిని వణికిస్తూ బయలుదేరింది. ఆ బండి తోక ఎప్పటికి కనబడాలి! కన్నమ్మ చేతులు గాలిలో ఎత్తి పట్టుకునే ఉంది. చివరి డబ్బా దాటగానే ఆ చేతులు ఢోలక్ మీద పడ్డాయి, తొలకరి పిడుగుల్లా.

కన్నమ్మ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. ప్రమీలారాణి ఆ పిడుగులను స్పీకరులో పెట్టి విన్నది. హా విధీ! పిడుగు ఏది? ఉరుము ఏది? అట్టపెట్టె మీద ఎవరో గోటితో గీకుతున్నట్టు టిక్కు టిక్కు. గది దద్దరిల్లించిన ఆ ఎడమచేతి గుమ్మును ఆ పేదమైకు పట్టుకోలేకపోయింది. పైపై చప్పుడు మాత్రం పట్టుకుని, అడుగును వదిలేసింది.

అప్పుడామె, వంటింటి వైపు ఒకసారి దొంగచూపు చూసి, తన గుప్తాస్త్రాన్ని బయటకు తీసింది. అది లాప్‌టాప్‌లోనే నివసించే మాయావాయిద్యం. దానికి తోలు లేదు, కర్ర లేదు, తాళ్ళు లేవు; మీట నొక్కితే ఎక్కడో ఏ మహాబలుడో కొట్టగా దాచిన దెబ్బ తిరిగి పలుకుతుంది. అందులోంచి ఏనుగుకాలంత బరువైన డ్రమ్మును ఏరి, వదిన గుమ్ము పడిన ప్రతిచోటా దానిదీ ఒక దెబ్బ వేసి, కింద పరుపులా పరిచింది. పైన ఢోలక్ నాదం, కింద డ్రమ్ము బరువు! ఇద్దరు మల్లులు ఒకే గోదాలో ఒకే పక్షాన నిలిస్తే ఎదురేముంది? మీట నొక్కింది.

ఉన్న చప్పుడు కూడా పోయింది.

డ్రమ్మును ఒంటరిగా వినిపిస్తే గుండె జారేంత గుమ్ము. ఢోలక్ ఒంటరిగా వింటే టిక్కయినా ఉంది. ఇద్దరినీ కలిపితే తడిగుడ్డ మీద చెంచా పడ్డట్టు ఒక్క చప్పిడి "తప్". ప్రమీలారాణి నివ్వెరపోయింది. ధ్వని పెంచింది, స్పీకరు గొంతు బొంగురుపోయింది. డ్రమ్ము మార్చి చూసింది, ఇంకోటి మార్చి చూసింది. ఎంతటి వీరుణ్ణి దింపినా ఢోలక్ పక్కన నిలబడగానే మూర్ఛపోతున్నాడు. కడపట ఆ ధ్వని తరంగాలను తెరనిండా పెద్దవి చేసి చూసింది. అప్పుడు తెలిసింది రహస్యం. ఒకరి కెరటం పైకి లేచే క్షణాన రెండోవారి కెరటం కిందికి దిగుతోంది. ఒకరు పోసిందల్లా రెండోవారు తోడేస్తున్నారు. డ్రమ్మును కొంచెం ముందుకు జరిపింది. లాభం లేదు. ఇంకా ముందుకు జరిపింది. ఇంకా చప్పబడింది.

"ఒలమ్మా! ఎవులిదే ఆ దెబ్బ?"

గుమ్మంలో కన్నమ్మ, రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులు. ప్రమీలారాణి బిత్తరపోయి ఆపే మీట బదులు ఇంకేదో నొక్కింది. డ్రమ్ము ఒంటరిగా గది మధ్యన గుమ్మని గర్జించింది. కన్నమ్మ చేతిలో టీ తొణికింది.

"నాది కాదది. నా సెయ్యి నాకు తెల్దేటి?" ఆమె గ్లాసులు కింద పెట్టింది. "ఆ రామ్మూర్తి బాబు అందరిలోనూ అన్నాడు. నువ్వు సాటుగా అన్నావు. అంతే కదేటే పెమీలా?"

సభలో గర్జించిన సింహం తెరను వదిన వైపు తిప్పింది.

"నీ సెయ్యి సాలదని కాదు వదినా," అంది. "నా మైకు సాలలేదు. నువ్వు కొట్టిందాంట్లో సగం కూడా అది పట్టలేదు. ఆ సగం నింపుదారని దీన్ని తెచ్చినాను. నీకు ముందే సెప్పాల్సింది. సెప్తే వద్దంటావని భయమేసింది."

కన్నమ్మ వంగి తెర వంక చూసింది. తన దెబ్బలు అక్కడ నల్లటి వెన్నుముళ్ళలా నిలబడి ఉన్నాయి. "ఏదీ, ఇద్దర్నీ కలిపి ఎయ్యి."

తప్. తప్.

"ఇద్దరం ఉంటే ఇద్దరం నేకపోనాం!" అంది కన్నమ్మ. మరుక్షణం ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. "అదేటే, నా దాని కన్నా ఆ మిషన్ది ముందర నిలబడ్డాది?"

"జరిపాను వదినా. పెద్ద డ్రమ్ము కదా, ముందు నడిస్తే బాగుంటాదని..."

కన్నమ్మ వెన్ను నిటారైంది. కొంగు నడుముకు చేరింది. "యేటి! నిన్నగాక మొన్న వచ్చిన మిషను నా ముందర నడుస్తాదా? ఇరవై ఏళ్ళ సెయ్యి ఇది! తోలు సిరిగితే నా పాత సీరంచు కట్టి వాయించినాను. జ్వరంలో వాయించినాను. అది ఉంటే ఉండనీ, కాదనను. కానీ నా ఎనకాల నడవాల. నాను అడుగేసినాకే అది అడుగెయ్యాల. ముందరికొచ్చిందా, నీ లాప్‌టాపు నూతిలో పడేస్తాను!"

ఇందులో శబ్దశాస్త్రం ఆవగింజంత లేదు, ఉన్నదంతా పెత్తనమే. ప్రమీలారాణికి ఆ క్షణాన కావలసిందీ శాస్త్రం కాదు, ఇంట్లో శాంతి. మారుమాట్లాడకుండా డ్రమ్మును పట్టి వెనక్కి లాగింది, ఢోలక్ దాటి వెంట్రుకవాసి వెనక్కి. మీట నొక్కింది.

ధుమ్!

గ్లాసులోని టీ ఉపరితలాన వలయాలు లేచాయి. గోడమీది క్యాలెండరు రెపరెపలాడింది. ముందు కన్నమ్మ వేళ్ళ ములుకు, ఆ వెంటనే దాన్ని భుజాన మోసుకొచ్చే బరువు. వింటే ఒక్కటే చేయి, ఒక్కటే ఢోలక్. వదినామరదళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇంకోపాలి ఎయ్యి," అంది కన్నమ్మ, తన చెవులను తానే నమ్మక.

పాట పొడుగునా ప్రతి దెబ్బకూ అదే శిక్ష అమలైంది. కన్నమ్మ చేయి మనిషి చేయి. ఒకచోట తొందరపడుతుంది, ఒకచోట ఆగి ఊపిరి తీసుకుంటుంది. మిషన్ను అంతటా ఆమె వెంట ఒక్కొక్క అడుగే నడిపించాల్సి వచ్చింది. ప్రమీలారాణి లాగుతుంటే, కన్నమ్మ పక్కన బాసిపట్టు వేసుకుని కూర్చుని "ఎనక్కి... ఇంకా ఎనక్కి... అదీ, ఉండక్కడ!" అని డ్రమ్మును కోడలిని అదిలించినట్టు అదిలించింది. అంత సంతోషంగా ఆమె ఆ ఇంట్లో ఎన్నడూ ఎవరినీ అదిలించలేదు.

శనివారం మధ్యాహ్నం చర్చి ముందు జనం పోగయ్యారు. పక్క ఊరు బచేలీ నుంచి నంద అనే డ్రైవరు తన మినీట్రక్కు తెచ్చాడు. దాని వెనక గోపురాల్లాంటి స్పీకర్లు. రామ్మూర్తి వాటి ముందు నిలబడి, వైద్యపరీక్షకు వచ్చినవాడిలా అరచేయి ఛాతీమీద ఆనించుకున్నాడు.

పాట మొదలైంది. మొదటి ధుమ్ముకు ఆయన చేయి అదిరింది. రెండోదానికి కళ్ళజోడు ముక్కు మీదకు జారింది. మూడోదానికి జేబులోని పెన్ను కింద పడింది. ఆయన ఒంగి దాన్ని తీసుకుంటూ, "ఢోలకేనా ఇది?" అన్నాడు.

"నాదే బాబూ," అంది కన్నమ్మ. "ఎనకాల బరువు మొయ్యడానికి ఒక జీతగత్తెని ఎట్టుకున్నాం."

ఓడిన సేనాని కూడా ఒక ఆఖరి బాణం వదులుతాడు. రామ్మూర్తి వదిలాడు. "అదిరింది, ఒప్పుకున్నాను. అయితే పాటలో నీ ఢోలక్ ఎక్కిపోనాది కదా కన్నమ్మా, మళ్ళీ నువ్వు వాయించడం ఎందుకు? సేతులు నొప్పెట్టుకోకుండా ఎనకాల నడిసి రా."

ప్రమీలారాణి ఎంత గెలుపు తెచ్చింది! ఆ గెలుపే వదినను మళ్ళీ జనం వెనక్కి నెట్టేసింది.

కన్నమ్మ మాత్రం తొణకలేదు. ఆ గుంపునూ, ఆ బండినీ, ఆ కార్యదర్శినీ కలయజూసింది.

"నిజమే, వాయించను. కానీ గార్డు బాబూ, నువ్వే సెప్పు. ఈ బండిని నడిపించేది ఎవులి దెబ్బ?"

"నీదే."

"నడిపించేవోళ్ళు ముందర కూకుంటారా, ఎనకాలా?"

రామ్మూర్తి నోరు తెరిచాడు. ముప్ఫై ఏళ్ళ రైల్వే సర్వీసు ఆ నోటిలోంచి అబద్ధం రానివ్వలేదు. "ముందరే," అన్నాడు.

కన్నమ్మ నడిచి వెళ్ళి ట్రక్కు ముందు తలుపు తెరిచింది. ఆ సీటు, ఓ శ్రోతలారా, ఊరేగింపులు పుట్టిన నాటినుంచి కార్యదర్శి వారి ఏకైక సింహాసనం.

"బైఠో అమ్మా, బైఠో," అంటూ నంద సీటు మీది తన తువ్వాలు తీసి దులిపాడు. ఎర్రదుమ్ము లేచింది. కన్నమ్మ ఎక్కి కూర్చుని, ఢోలక్‌ను ఒళ్ళో పెట్టుకుని, తలుపు దబాల్న వేసుకుంది.

ఈ విధంగా, రజాయిల దుర్గంలో, కెరటాల కురుక్షేత్రంలో, వెంట్రుకవాసి భూభాగం కోసం వదినామరదళ్ళు సాగించిన ఘోరసమరం ముగిసింది. చిరిగిన రెగ్జిన్ కింద స్ప్రింగు గుచ్చుకునే ఒక మినీట్రక్కు ముందు సీటు కన్నమ్మ వశమైంది. జయము జయము! కార్యదర్శి రామ్మూర్తి నడిచి వచ్చాడు.