వాల్వు కోసం ఇల్లు మార్చిన వైనం

తిమ్మప్ప మీద నా ఫిర్యాదు ఒక్కటే. ఆయన మా పక్కింట్లో పుట్టాడు. మిగతావన్నీ దాని వెనక వచ్చినవే.

ఆరేళ్ళ కింద వాళ్ళ మేక మా మిద్దె మీద ఆరబోసిన చెనిక్కాయలు మేసింది. ఆనాటి నుంచి మాకు మాటల్లేవు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే మేకతో చెబుతాం, పక్కవాడు వింటాడు. మేక మంచిది, ఇంతవరకు ఎవరి పక్షమూ తీసుకోలేదు.

ఈ 2003 కరువులో మా వీధికి కుళాయిలు వచ్చాయి. తొమ్మిది రోజులకొకసారి గంటసేపు నీళ్ళు. వీధిగోడకు రెండు ఇనుప పెట్టెలు బిగించి, ఒకదాని మీద నా పేరు, రెండోదాని మీద తిమ్మప్ప పేరు రాశారు. లోపల మీటరు, నీళ్ళు కట్టేసే వాల్వు. ఎవరి పెట్టె తాళంచెవి వారిదే. ప్రారంభోత్సవం నాడు రాహుకాలం ముంచుకొస్తోందని పెద్దలు తొందరపెట్టడంతో నా పెట్టె పైపును తిమ్మప్ప ఇంటికి, ఆయన పెట్టె పైపును మా ఇంటికి తగిలించారు. ముహూర్తం మాత్రం దివ్యంగా కుదిరింది.

నేను వాల్వు తిప్పితే నా మీటరు తిరిగింది, తిమ్మప్ప తొట్టి నిండింది. వెంటనే కట్టేశాను. ఆయనా అంతే.

"బిల్లు నా పేర్న, నీళ్ళు వానింటికా? నేనేమన్నా సత్రం పెట్టినానా?" అని ఆయన మేకను అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. రెండిళ్ళూ ఎండాయి.

వచ్చే విడతకు నీళ్ళు రాకపోతే కళ్యాణదుర్గం పోతానంది నా భార్య రామసుబ్బమ్మ. పుట్టింట్లోనూ నీళ్ళు లేవు కదా అన్నాను.

"ఆడ నువ్వు ఉండవు గదా," అంది.

అర్జీ పెట్టాను. నీళ్ళ ఇంజినీరు విష్ణువర్ధన్ గారు స్వయంగా విచ్చేసి సెలవిచ్చారు: "మీటరు దాకా బాధ్యత ప్రభుత్వానిది. మీటరు దాటితే ఇంటి యజమానిది. వాల్వు సరిగ్గా మీటరును ఆనుకుని ఉన్నందున, దాని బాధ్యత తేలేవరకు అందరూ దాన్ని గౌరవించవలెను. పైపు ప్రభుత్వ ఆస్తి, కదలదు. మనుషులు కదలవచ్చును."

మాటల్లేని మనుషులకు ఇంతకంటే అనువైన పరిష్కారం ఉండదు. సంతకానికి నోరు తెరవనక్కర్లేదు. రిజిస్ట్రారాఫీసులో వేర్వేరు బెంచీల మీద కూర్చుని ఇండ్లు మార్చుకున్నాం. మేక ఒక్కటే ఈ ఉత్తర్వును ఖాతరు చెయ్యక పాత ఇంటికే, అంటే నా ఇంటికే, వస్తూ ఉంది.

తర్వాతి విడతకు నా వాల్వు తిప్పితే నా తొట్టే నిండింది. సర్కారు చల్లగా ఉండాలనుకున్నాను. ఆ వారమే నా పాత అర్జీ మీద చర్య తీసుకున్నారు. కదలదన్న పైపు కదిలింది. ఎవరి పెట్టె పైపును వారి పాత ఇంటికి తగిలించి పోయారు. ఇప్పుడు నేను వాల్వు తిప్పితే మళ్ళీ తిమ్మప్ప తొట్టి నిండుతుంది.

రామసుబ్బమ్మ ఖాళీ బిందె నా ముందు పెట్టింది. "తాళంచెవులు మార్చుకుంటే పోయేదానికి ఇండ్లు మార్చుకుంటిరా?"

ఆ సంగతి నాకు మొదటి రోజే తట్టింది. తిమ్మప్పకూ తట్టే ఉంటుంది. ముందు చెయ్యి చాపేదెవరు? నవ్వుతున్న పెద్దలారా, మీలో ఎవరైనా పక్కింటివాడికి ముందుగా చెయ్యి చాపి ఉంటే చెప్పండి, వచ్చి మీ కాళ్ళు కడుగుతాను. నీళ్ళు మీరే తెచ్చుకోవాలి.

ఇండ్లు తిరిగి మార్చుకుందామని మేకతో చెప్పి చూశాను.

"ఏమే, మనకు ఈ ఇల్లే బాగుండాది గదా," అన్నాడు తిమ్మప్ప, మేకతోనే.

బాగుండక ఏం? నా పాత స్థలం మూడున్నర సెంట్లు. ఇప్పుడున్నది రెండుంబావు. పోయింది సెంటుంబావు.