ఈదురుగట్టు మీద చప్పుడు లేదట

ఒక పెద్ద అడవిలో నీళ్లకు కరువు గానీ గాలికి ఏనాడూ కరువు లేదు.

ఎండాకాలం వచ్చిందంటే పల్లంలోని కొలను అడుగు తేలేది. దున్నలు బురద నాకేవి. అడవి పనులు చూసే కొండముచ్చు బుర్ర గోక్కుని ఒక ఉపాయం చెప్పింది. "ఎత్తు మీద గాలిమరలు నిలబెడదాం. రెక్కలు తిరుగుతుంటే అవతలి లోయలోని వాగు నీళ్లు పైకి వస్తాయి. వెదురు గొట్టాల్లో పడి కొలనుకి పారతాయి."

సింహం సరేనంది. ఏ ఎత్తు మీద పెట్టాలో తేల్చే పని కార్యదర్శి నక్కకి అప్పగించింది. నక్క తన బొరియ గుమ్మంలో నిలబడి చూసింది. ఎదురుగా ఈదురుగట్టు కనిపించింది. అయితే ఈదురుగట్టే అంది.

ఎండలు ముదిరేలోపే పన్నెండు మరలు లేచాయి. తాటిచెట్టుకి మూడింతల ఎత్తు, ఒక్కోదానికి మూడేసి రెక్కలు. కొలను నిండింది. దున్నలు మెడదాకా మునిగి కళ్లు మూసుకున్నాయి. నక్కకి సన్మానం జరిగింది. దండ వేసింది దున్న కాబట్టి, వేసేలోపు సగం తినేసింది.

ఆ గట్టు మీద కుందేళ్లు కాపురం ఉండేవి. వాటిలో సుంకులమ్మ అనే కుందేలు, దాని మొగుడు ఓబులేసు, వాళ్ల నలుగురు పిల్లలు మొదటి మర కిందే ఉండేవాళ్లు. నక్క కొలతలకి వచ్చిన రోజున సుంకులమ్మే దారి చూపించింది. "నీళ్లొస్తాయంటే అంతకన్నానా సామీ" అని కూడా అంది.

రెక్కలు తిరిగిన మొదటి రోజే అసలు సంగతి తెలిసింది. ప్రతి రెక్కా కిందికి దిగేటప్పుడు వుష్ మనేది. పన్నెండు మరలు, ముప్పయ్యారు రెక్కలు. వుష్, వుష్, వుష్. అది ఒక ఎత్తు. దాని అడుగున ఇంకో చప్పుడు ఉండేది. గుమ్మ్ మని, చెవికి కాదు, నేరుగా గుండెకాయకి తగిలేది. పిల్లలు నిద్రలో ఉలిక్కిపడేవాళ్లు. ఓబులేసుకి తిన్న గడ్డి ఒంటబట్టడం మానేసింది.

అదైనా ఓర్చుకునేవాళ్లే. కుందేలుకి కోరలు లేవు, గోళ్లు లేవు. దేవుడిచ్చిన ఆస్తల్లా ఆ రెండు చెవులే. జంగుపిల్లి ఎండుటాకు మీద అడుగు వేస్తే, ఆ చిటుక్కుమనే చప్పుడుకే కుందేలు బొరియలో ఉంటుంది. ఇప్పుడు చిటుక్కుమన్నా వినపడదు, ఫెళ్లుమన్నా వినపడదు.

ఒక సాయంత్రం జంగుపిల్లి నింపాదిగా నడిచి వచ్చి, సుంకులమ్మ పెద్దకూతుర్ని నోట కరుచుకుని, నింపాదిగానే నడిచి వెళ్లిపోయింది. తల్లి నాలుగడుగుల దూరంలో తలవంచుకుని గరిక కొరుకుతోంది. తలెత్తి చూసేసరికి ముగ్గురే ఉన్నారు.

మూడు రోజులు సుంకులమ్మ గరిక ముట్టలేదు. నాలుగో రోజు గట్టు దిగి వెళ్లి నక్కకి అర్జీ ఇచ్చింది.

నక్క చాలా మర్యాదగా తీసుకుంది. "తప్పకుండా పరిశీలిస్తాం తల్లీ. సంఘం వేస్తాం."

వేసింది. చప్పుడు విచారణ సంఘానికి కొండచిలువని అధ్యక్షుణ్ణి చేసింది. కొండచిలువకి చెవులు లేవు. "అందుకే ఏ చప్పుడు పట్లా వారికి పక్షపాతం ఉండదు" అని నక్క సభకి వివరించింది. సభ చప్పట్లు కొట్టింది. కొండచిలువకి అవీ వినపడలేదు.

ప్రజాభిప్రాయ సేకరణ గట్టు మీద పెట్టమని కుందేళ్లు అడిగాయి.

"అధ్యక్షుల వారికి నడుము నొప్పి. ఎక్కలేరు" అంది నక్క. "అంత పొడుగు నడుము మరి, మనమే అర్థం చేసుకోవాలి."

కాబట్టి పల్లంలో, కొలను గట్టున, ఆకు కదలని రోజు చూసి పెట్టారు. దూరాన గట్టు మీద మరలు బొమ్మల్లా నిలబడి ఉన్నాయి.

"ఏదమ్మా చప్పుడు?" అని నక్క చెవి దగ్గర కాలు పెట్టుకుని అడిగింది.

"గాలి లేదు కదా సామీ, రెక్కలు తిరగడం లేదు."

"అంటే గాలిమరల వల్ల చప్పుడు లేదు, గాలి వల్ల ఉంది అంటావు. గాలి మా శాఖ కిందకి రాదే!"

దున్నలు నవ్వాయి. సుంకులమ్మ వెనక్కి తగ్గలేదు. "మా పెద్దది పోయింది సామీ. నా పక్కనుంచే పోయింది. నాకు వినపడలేదు."

ఒక ముసలి దున్న తల పక్కకి తిప్పుకుంది. నక్క మాత్రం రాతగాడైన చిలుక వైపు తిరిగి, "గట్టు నివాసి ఒకరు తమ కుటుంబ విషయం ప్రస్తావించారు. రాసుకో" అంది.

వారానికి నివేదిక వచ్చింది. టేకాకు మీద గీకించి చెట్టుచెట్టుకీ గుచ్చారు. 'ఈదురుగట్టు ఈ అడవి మొత్తంలో అత్యంత ప్రశాంతమైన ప్రదేశమని సంఘం నిర్ధారించడమైనది. కుందేళ్ల చెవుల పొడవు అవసరానికి మించి ఉన్నట్టు గమనించడమైనది. దయతలచి ఒక్కో చెవికి ఒక్కో ఉండ చొప్పున బూరుగుదూది ఉచితంగా పంచడమైనది.' కింద కొండచిలువ తోకముద్ర.

ఓబులేసు దూది పెట్టుకుని చూశాడు. గుమ్మ్ మనేది తగ్గలేదు. పెళ్లాం మాట మాత్రం వినపడటం మానేసింది. "పథకం మరీ అంత చెడ్డదేమీ కాదు" అన్నాడు. సుంకులమ్మ రెండు ఉండలూ పీకి అవతల పారేసింది.

ఆ తర్వాత టేకాకు ముందు కూర్చుని నివేదిక మూడుసార్లు చదివింది. మూడోసారి ముగించేసరికి దాని మీసాలు అదిరాయి. బిడ్డ పోయాక అది నవ్వడం అదే మొదలు.

"నేను సింహాన్ని మన గట్టుకి పిలుస్తా" అంది.

"మతి పోయిందా? పిల్లి చాలలేదనా?"

"సింహానికి మనం పంటి కిందికి కూడా రాం. పైగా అది ఉన్నచోటికి పిల్లి రాదు. నువ్వు నోరు మూసుకుని చూడు."

అప్పటికి పల్లంలో సింహానికి ఒక బాధ ఉంది. కొలను నిండాక కప్పలు పెరిగాయి, దున్నలు మందలు మందలుగా దిగాయి. పగటి కునుకు పడటం లేదు. అది కడుపు నిండా తిన్న పూట చూసుకుని సుంకులమ్మ దూరంగా ఒక బండ మీద నిలబడి దండం పెట్టింది.

"ప్రభూ, మా గట్టు మహా ప్రశాంతం. ఎండాకాలం పోయేదాకా తమరు అక్కడే విశ్రాంతి తీసుకోవాలని మా కుందేళ్ల కోరిక."

సింహం ఒక కన్ను తెరిచింది. "ఎవరు చెప్పారు ప్రశాంతమని?"

"కార్యదర్శి గారి నివేదికే చెప్తోంది ప్రభూ."

నక్కని పిలిపించారు. "నిజమేనా?" అంది సింహం.

నక్క లెక్క వేసుకుంది. కాదంటే నివేదిక అబద్ధం. "నిజమే ప్రభూ... కాకపోతే అక్కడ ఎండ..."

"పెద్ద ఇప్పచెట్టు నీడ ఉంది ప్రభూ" అంది సుంకులమ్మ.

"ముళ్లు కూడా..."

"పొద్దున్నే ఊడ్చాం ప్రభూ."

సింహం లేచి ఒళ్లు విరుచుకుంది. "పద."

నక్క అడ్డదారిన గట్టెక్కి, కొండముచ్చు కాళ్లు పట్టుకుని, పన్నెండు మరల రెక్కలూ అడవితీగలతో కట్టించింది. సింహం వచ్చి ఇప్పచెట్టు కింద పడుకుంది. ఎక్కడా చడీచప్పుడు లేదు. "భేష్" అని గుర్రు పెట్టింది. నక్క సుంకులమ్మ వైపు చూసి తోక ఆడించింది.

మూడు రోజులు అలాగే సాగింది. నాలుగో రోజు దున్నల మంద గట్టెక్కి వచ్చి సింహం ముందు నిలబడింది. "కొలనుకి నీళ్లు రావడం లేదు ప్రభూ. బురద తేలింది."

సింహం తలెత్తి మరల వైపు చూసింది. "వీటికి తీగలెందుకు చుట్టారు?"

"అలంకారం ప్రభూ" అంది నక్క.

"విప్పు."

విప్పారు. గట్టు మీద గాలి బలంగా ఉంది. వుష్, వుష్, వుష్. సింహం ఇటు పొర్లింది, అటు పొర్లింది. చివరికి లేచి కూర్చుంది.

"ఏమిటీ చప్పుడు?"

"ఏ చప్పుడు ప్రభూ?" అంది నక్క.

"నీకు వినపడటం లేదూ?"

"నివేదికలో లేదు ప్రభూ."

సింహం కంగారు పడింది. తన చెవులకే ఏదో రోగం వచ్చిందనుకుంది. నక్క వినయంగా రెండు బూరుగుదూది ఉండలు అందించింది. అవి సింహం చెవికి చాలక ఒక బుట్టెడు కుక్కాల్సి వచ్చింది. గాలికి దూది ఊడి జూలంతా అంటుకుని, మృగరాజు కాస్తా ముసలి గొర్రెలా తయారైంది. కుందేలు పిల్లలు బొరియలో నోళ్లు మూసుకుని దొర్లాయి. అయినా గుమ్మ్ మనే చప్పుడు పక్కటెముకల్లోంచి పోలేదు. రెండో రోజుకి సింహం తిండి మానేసింది. మూడో రోజు ఒక గర్జన గర్జించింది. మరల హోరులో అది పక్కనున్న ఓబులేసుకే సరిగ్గా వినపడలేదు.

తన గర్జన వినపడకపోవడం సింహానికి మొదటిసారిగా చాలా తీవ్రమైన సమస్యగా తోచింది.

"ఆ అధ్యక్షుణ్ణి ఈడ్చుకు రండి!"

కొండచిలువని నిజంగానే ఈడ్చుకొచ్చారు. దాని జీవితంలో గట్టెక్కడం అదే మొదలు. చెవులు లేకపోయినా పాముకి ఒళ్లంతా నేల మీదే కదా! పొట్ట ఆన్చిన మరుక్షణం తల నుంచి తోక దాకా వణికి, ఇప్పచెట్టు సగం దాకా పాకేసింది.

"అమ్మో! నేల లోపల ఎవడో రోకలితో దంచుతున్నాడు!"

"మరి ఏమీ లేదని ముద్ర ఎలా వేశావు?" అంటూ సింహం నివేదిక టేకాకు దానికి ఎత్తి చూపించింది.

"నేను చదవలేదు ప్రభూ. తోక ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాను."

కొండముచ్చు తల గోక్కుంది. "నేను మొదట ఈ గట్టు అనలేదు ప్రభూ. దీని అవతలున్న నల్లబండ మీద పెడదామన్నాను. అక్కడ గాలి ఇంకా ఎక్కువ, గడ్డిపరక కూడా మొలవదు, ఎవరూ ఉండరు. కార్యదర్శి గారే తనిఖీకి రోజూ అంత దూరం నడవలేనన్నారు."

అందరూ నక్క వైపు చూశారు. నక్క మరల వైపు చూసింది.

సుంకులమ్మ ముందుకొచ్చింది. "మరలు కూలగొట్టమని మేం అడగడం లేదు ప్రభూ. దున్నలకీ దాహమే కదా. ఆ బండ మీదకి జరపండి చాలు."

ముసలి దున్న అడుగు ముందుకు వేసింది. "గొట్టాలు మేం మోస్తాం" అంది.

రెండు నెలలు పట్టింది. ఆఖరి మర కదిలిపోయిన రోజు పొద్దున గట్టు మీద సుంకులమ్మ చెవులు నిక్కించి కూర్చుంది. ముందు గరిక ఊగడం వినపడింది. తర్వాత పిల్లల ఊపిరి. తర్వాత, చాలా దూరంలో, ఎండుటాకు మీద మెత్తటి అడుగు. దాని వెనక కాలు నేలని రెండుసార్లు తన్నింది. ముగ్గురు పిల్లలూ బొరియలో ఉన్నారు. జంగుపిల్లి వచ్చి, ఖాళీ గట్టంతా వాసన చూసి, చీదరించుకుని వెళ్లిపోయింది. సుంకులమ్మ బొరియలో ముగ్గుర్నీ లెక్కపెట్టుకుంది. నాలుగు అనబోయి ఆగింది.

సింహం పల్లానికి తిరిగి వచ్చి తీర్పు చెప్పింది. ఇంత పొరపాటు ఎలా జరిగిందో తేల్చడానికి కొత్త సంఘం వేసింది. ఈ వ్యవహారం మొత్తం మొదట్నుంచీ తెలిసినవాడు ఒక్కడే కాబట్టి, దానికి నక్కనే అధ్యక్షుణ్ణి చేసింది.

నీతి: అడవిలో చప్పుడంటే చెవులున్నవాళ్లకి వినపడేది కాదు, సింహం నిద్ర చెడగొట్టేది.