మర్యాదగా ఇచ్చిన పంది

ఆ శనివారం సెమిసి పెట్టుకున్న పని చిన్నదే. పెండలం తోటకు పోయి కలుపు తీయాలి, తిరిగి వస్తూ మర్నాటి వంటకు చేమాకు కోసుకురావాలి. టీ తాగి, కత్తి చేతబట్టుకుని, పోతూ పోతూ పెరట్లో పందులకు కొబ్బరి ముక్కలు విసిరాడు. పందులన్నీ ఉరికి వచ్చాయి, ఎడమ చెవి తెగిన మచ్చల పంది తప్ప. దాన్ని చర్చి పండుగ విందు కోసమని ఏడాదిగా మేపుతున్నాడు. వవావు ద్వీపంలో విందు నాడు మనిషి పరువు బల్ల మీద పడుకుని ఉంటుంది, నోట్లో ఆకు పెట్టుకుని.

"కలో, మచ్చలది కనపడదేం?"

వంటపాకలోంచి భార్య జవాబు కాస్త ఆలస్యంగా వచ్చింది. "సముద్రం వెనక్కి తీసింది కదా, పీతలకి పోయుంటుంది. అదే వస్తుందిలే."

అది పీతలకు పోలేదని కలోకి తెలుసు. నిన్న సాయంత్రం సెమిసి నలుగురితో కలిసి కావా వేళ్ళ రసం తాగడానికి వెళ్ళగానే, మెడకు తాడు కట్టి, దాన్ని తౌఫా మాస్టారి ఇంటి వెనక కట్టేసి వచ్చింది తనే.

తౌఫా ఊరి బడిలో చివరి తరగతికి పాఠాలు చెబుతాడు. రాజధానిలోని పెద్ద బడికి ఊరి నుంచి ఏటా ఒక్కరినే తీసుకుంటారు. ఈసారి తరగతి మార్కులు చూసి తీసుకుంటారట. ఆ మాట చెప్పడానికి తౌఫా తల్లిదండ్రుల్ని పిలిపించి, చివర్లో ఇలా అన్నాడు: "సగం మార్కులు చదువుకి, సగం గౌరవానికి. పిల్లల చదువు సంగతి నాకు తెలుసు. పెద్దవాళ్ళ గౌరవం ఎంతుందో మాత్రం చేత్తో ఎత్తి చూస్తే గానీ తెలీదు." నవ్వుతూనే అన్నాడు. నవ్వింది మాత్రం ఆయనొక్కడే.

సెమిసి తల్లిదండ్రుల సంఘానికి పెద్ద. ఆదివారాలు చర్చిలో ప్రసంగాలు కూడా చేస్తాడు. వెంటనే లేచి, "మా ఇంటి నుంచి మీకు పంది తోక కూడా రాదు మాస్టారూ" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టి, ఇళ్ళకు పోయి, ఆలోచనలో పడ్డారు.

కలో కూడా పడింది. కూతురు లెసియేలికి చదువంటే ప్రాణం. న్యూజిలాండ్ నుంచి చుట్టాలు పంపే పెట్టెల్లో అడుగున పరిచిన పాత పేపర్లు కూడా వదలకుండా చదివే పిల్ల. "మాస్టారు నాకు బాగానే వేస్తారమ్మా, చూడు" అని ధీమాగా అనేది. పసిదానికి లోకం తెలియదనుకుంది కలో. లోకం తెలిసిన తను పంది తాడు పట్టుకుంది.

సెమిసి తోట నుంచి వచ్చాక కూడా పంది రాలేదు. "ఎవడో ఎత్తుకుపోయాడు. గ్రామాధికారి దగ్గరికి పోతున్నా" అన్నాడు.

"పోతే పోయిందిలే. వదిలెయ్యి."

"వదిలెయ్యడానికి అదేమైనా చెప్పుల జతా?"

గ్రామాధికారి పెనిసిమానీకి పదవి వచ్చినప్పటి నుంచి తగిలినవన్నీ కుక్కల గొడవలే. దొంగతనం అనేసరికి ముఖం వెలిగిపోయింది. "ఇల్లిల్లూ వెతుకుదాం పద" అని టోపీ పెట్టుకున్నాడు. వాళ్ళు ఊరి ఈ చివర మొదలుపెట్టారు. మాస్టారి ఇల్లు ఆ చివర.

కలో పరుగున ఆడపడుచు ఉంగటేయా ఇంటికి పోయింది. ఉంగటేయా సెమిసికి అక్క. తమ్ముడి ఇంట్లో ఏ పెళ్ళికైనా చావుకైనా ఆమె మాటే చివరి మాట. చాప అల్లుకుంటూ, చెయ్యి ఆపకుండా అంతా విన్నది.

"నన్నడక్కుండా పంది ఇచ్చావన్నమాట."

"తప్పయింది వదినా."

"తప్పే. పంది అక్కర్లేదు. బుధవారమే నేను పెద్ద చాప ఇచ్చొచ్చాను. మా అమ్మ అల్లింది, ఎర్ర ఈకల అంచుది."

కలో తలెత్తి చూసింది. ఆ చాప లెసియేలి పెళ్ళికని దాచింది.

"అట్లా చూడకు. ముందు చదువు, తర్వాత పెళ్ళి. లే, పందిని విడిపించుకొద్దాం."

ఇద్దరూ అడ్డదారిన పోయేసరికి తౌఫా పెరట్లోనే ఉన్నాడు. సంగతి వినగానే ఆయన ముఖం పాలిపోయింది. గబగబా తాడు విప్పి, "తీసుకుపోండమ్మా, ఇప్పుడే తీసుకుపోండి" అన్నాడు. పంది ఒప్పుకోలేదు. రాత్రంతా బొప్పాయి పళ్ళు తిన్నది, ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. కలో ముందు నుంచి లాగింది, ఉంగటేయా వెనక నుంచి నెట్టింది, మాస్టారు తాడు పట్టుకుని బతిమాలుతున్నాడు. సరిగ్గా అప్పుడు పెనిసిమానీ, సెమిసి, వాళ్ళ వెనక సగం ఊరూ పెరట్లోకి వచ్చారు.

ఉంగటేయా బుర్ర చురుకైనదే. ఆ పూట అంత చురుకు అవసరం లేకపోయింది. "వచ్చావా తమ్ముడూ," అంది నడుం నిమురుకుంటూ, "మేమూ వెతుక్కుంటూ వచ్చాం. ఇదిగో, ఇక్కడ దొరికింది."

ఆ మాటతో తౌఫా పందిదొంగ అయిపోయాడు.

పెనిసిమానీ గొంతు సవరించుకున్నాడు. "ఏం మాస్టారూ, ఇది మీ పెరట్లోకి ఎట్లా వచ్చింది?"

తౌఫా కలో వైపు చూశాడు. కలో నేల చూసింది. "దానంతటదే వచ్చింది" అన్నాడు.

"తాడు కూడా అదే కట్టుకుందా?"

జనం నవ్వారు. కలోకి నోరు తెరవాలనే ఉంది. తెరిస్తే మొగుడి పరువు, పిల్ల మార్కులు, వదిన చాప అన్నీ కలిసి బయట పడతాయి. తెరవలేదు. సోమవారం బడిలో ఊరంతా కూర్చుందామని, విద్యాశాఖ నుంచి పెద్దావిడను పిలిపిద్దామని సెమిసి అక్కడికక్కడే ప్రకటించాడు.

మధ్యలో ఆదివారం వచ్చింది. ఆ రోజు అక్కడ వంట, ప్రార్థన, నిద్ర తప్ప ఇంకే పనీ ఉండదు కాబట్టి మనసులో ఉన్నది మెలిపెడుతూనే ఉంటుంది. చర్చిలో పాటల బృందానికి తౌఫాయే పెద్ద. ఆయన చెయ్యెత్తితే ఎవరూ గొంతెత్తలేదు. ఒంటరిగా ఒక చరణం పాడి, పుస్తకం మూసి, వెనక బెంచీలో కూర్చున్నాడు. సెమిసి ఆ రోజు "దొంగిలరాదు" మీద మంచి ప్రసంగమే చేశాడు.

భోజనాల దగ్గర లెసియేలి ముద్ద కదపలేదు. "మాస్టారు దొంగతనం చెయ్యరమ్మా. తన పుస్తకాలు నాకిచ్చి ఎప్పుడూ తిరిగి అడగలేదు."

"తిను" అంది కలో.

సోమవారం బడి హాలు నిండిపోయింది. పిల్లలు కిటికీలకు వేలాడారు. సెమిసి పెద్ద సభలకు కట్టే మంచి చాప నడుముకు చుట్టుకుని వచ్చి నిలబడ్డాడు. పిల్లలకు మంచీచెడూ చెప్పాల్సిన మనిషి మార్కులకు కానుకలు అడిగాడని, రానివి ఎత్తుకుపోయాడని చెప్పి కూర్చున్నాడు. విద్యాశాఖ నుంచి వచ్చిన సేలా అనే పెద్దావిడ, "మీరేమంటారు?" అని తౌఫాను అడిగింది.

తౌఫా లేచాడు. "పందిని నేనే తోలుకుపోయాను. వాళ్ళింట్లో ఎవరికీ తెలీదు."

హాలు గుసగుసలాడింది. దొంగతనమైతే జరిమానాతో పోతుంది, మార్కులకు కానుకలు పుచ్చుకుంటే ఉద్యోగమే పోతుంది. అదీగాక కానుక అన్నాడంటే ఇచ్చిన ఇల్లు, ఆ ఇంటి పిల్ల పేరు బయటికొస్తాయి. ఆ అబద్ధంలో తన కోసం ఆడింది ఎంత, లెసియేలి కోసం ఆడింది ఎంత అన్నది కలోకి ఈనాటికీ తేలలేదు. అప్పుడు మాత్రం ఆమె కాళ్ళు వాటంతటవే లేచాయి.

"ఆయన దొంగ కాదు. పంది నేనే ఇచ్చాను."

సెమిసి కంగారుగా చెయ్యి పట్టి లాగాడు. "కూర్చో కలో. దీనికి పొద్దుట్నుంచీ జ్వరంగా ఉందండీ."

"జ్వరం లేదు. సిగ్గుగా ఉంది" అంది కలో. ఎప్పుడు ఇచ్చిందో, ఎందుకిచ్చిందో అన్నీ చెప్పింది.

"మరి మా ఇంటి నుంచి పంది తోక కూడా రాదన్నాడుగా పెద్దమనిషి" అని వెనక నుంచి ఎవరో అన్నారు. "తోక ఒక్కటే ఆపుకున్నాడేమో."

అప్పుడు ఉంగటేయా లేచింది. అక్క లేస్తే తమ్ముడు నోరెత్తకూడదు. "పంది ఒక్కటే కాదు, చాప నేనిచ్చాను. అది లంచం కాదు, మర్యాద. మా సెమిసి కూడా పోయిన వారం మాస్టారికి కావా వేళ్ళ కట్ట ఇచ్చొచ్చాడు. చెప్పు తమ్ముడూ."

సెమిసి చెవులు ఎర్రబడ్డాయి. "ఒకరింటికి పోతూ కావా తీసుకుపోవడం మర్యాద అక్కా."

"నాదీ మర్యాదే అంటున్నా."

"మరి పందో?" అంది సేలా.

"అదీ మర్యాదేనమ్మా. కాస్త కొవ్వు పట్టిన మర్యాద."

హాలు గొల్లుమంది. ఆ నవ్వులో ఒక తల్లి లేచి తను కొబ్బరినూనె ఇచ్చానంది. ఇంకొకామె డబ్బా మాంసం పెట్టె ఇచ్చిందట. పాస్టరుగారి భార్య దుప్పటి కుట్టి ఇచ్చింది. ఒకరు చెబితే ఇంకొకరికి ధైర్యం వచ్చింది. చివరికి పెనిసిమానీ భార్య కూడా లేచి, "మావి రెండు పెట్టలు" అంది. పెనిసిమానీ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

సేలా అందరినీ కూర్చోమంది. ఆమె ముఖంలో నవ్వు లేదు.

"ఒక సంగతి మీకెవరికీ తెలీనట్టుంది. ఈ మార్కులు తౌఫా మీతో మీటింగు పెట్టకముందే మా ఆఫీసుకి పంపేశారు. మీరు కానుకలు మోసుకుపోయే నాటికి ఆయన చేతిలో మార్కులు లేవు. మొదటి మార్కు లెసియేలిది. రెండో పిల్లకి, ఆమెకి చాలా దూరం."

కిటికీ దగ్గరున్న పిల్లలందరూ లెసియేలి వైపు తిరిగారు. కలో ముఖంలోకి ఒక్క క్షణం వెలుగు వచ్చింది.

"అయితే ఇక ఆ మార్కులు పనికిరావు," అంది సేలా. "ఆ పిల్ల తన తెలివితో తెచ్చుకుందని నేను నమ్ముతాను. పంది, చాప, కావా ఇచ్చిన ఇంటి పిల్ల అని తెలిశాక పైవాళ్ళు నమ్మరు. ఈ ఏడు ఈ బడి నుంచి ఎవర్నీ పంపడం కుదరదు."

ముగ్గురూ ఇంటికి వచ్చారు. లెసియేలి ఏడవలేదు. బడి బట్టలు మార్చుకుని వచ్చి, తల్లి ఎదురుగా కూర్చుని అడిగింది. "నాకు మార్కులు రావని ఎందుకనుకున్నావమ్మా?"

కలో దగ్గర ఎన్నో సమాధానాలు ఉన్నాయి. లోకం అలాంటిదని, తల్లి మనసు అలాంటిదని. ఒక్కటీ ఆ పిల్ల ముఖం చూస్తూ చెప్పదగ్గదిగా లేదు. సెమిసి పెరట్లోకి పోయి చాలాసేపు ఊరికే కొబ్బరి కొట్టాడు.

తౌఫాను ఉత్తరాన ఎక్కడో ఉన్న చిన్న ద్వీపానికి మార్చారు, అక్కడికి పడవ ఎప్పుడు పోతుందో పడవకే తెలియదు. పోయే రోజున కలో కూతుర్ని తీసుకుని రేవుకు వెళ్ళింది. లెసియేలి ఆయన పుస్తకాలు ఆయనకు తిరిగి ఇవ్వబోయింది. ఆయన పుచ్చుకోలేదు.

"వచ్చే ఏడు పరీక్ష పెడతారట. రాయి. అక్కడ నాలాంటి వాళ్ళ చెయ్యి ఉండదు" అన్నాడు. తర్వాత కలో వైపు తిరిగాడు. "మా నాన్న సమాధికి రాళ్ళు పరిచే విందు ఉందమ్మా. ఉత్త చేతులతో పోతే మా అక్క తలెత్తుకోలేదు. నాకేమో అడగడానికి సిగ్గేసింది. మార్కుల పేరు చెబితే ఆ సిగ్గేదో మీ మీదికి పోతుందనుకున్నాను."

"ఊరికే అడిగినా ఇచ్చేవాళ్ళం కదా మాస్టారూ."

"తెలుసమ్మా. అది ఇప్పుడు తెలుసు."

ఇంతలో రేవు దారిలో దుమ్ము లేచింది. ముందు సెమిసి వస్తున్నాడు, మచ్చల పందిని తాడుతో లాగుతూ. వెనక ఉంగటేయా నెత్తిన చాప. ఆ వెనక కొబ్బరినూనె, దుప్పటి, మాంసం పెట్టె, పెట్టలు. విందు సంగతి పడవవాళ్ళ నోట విని, తిరిగి తెచ్చుకున్న కానుకలన్నీ మళ్ళీ మోసుకుంటూ ఊరు వచ్చింది. సెమిసి మంచి ఉపన్యాసమే తయారుచేసుకుని వచ్చాడు గానీ, దగ్గరికి వచ్చేసరికి "నాన్నగారి విందుకి" అన్న ఒక్క ముక్కే బయటికి వచ్చింది. తౌఫా తాడు అందుకుని, ముఖం సముద్రం వైపు తిప్పుకున్నాడు. పడవ కనుమరుగయ్యేదాకా ఎవరూ కదలలేదు. ఇంత సులువైన పనిని ఇంత చేటుగా ఎలా మార్చుకున్నామా అని కలో దారంతా అనుకుంటూ వచ్చింది.

వర్షాలు పోయాక బడికి కొత్త పంతులమ్మ వచ్చింది. చిన్న వయసు. మొదటి మీటింగులోనే నిలబడి, "నా దగ్గరికి ఎవరూ ఏమీ తేవక్కర్లేదు. పిల్లలు చదివితే చాలు" అని చెప్పింది. అందరూ తలలూపి బయటికి వచ్చారు. గేటు దాటాక ఉంగటేయా మరదలి చెయ్యి పట్టుకుని ఆపింది.

"విన్నావా? ఏమీ వద్దంటోంది. ఈవిడకి ఏదో పెద్దదే కావాలి."