సోమక్క పెరట్లోని ఫిరంగి

ఆ పొద్దున ఆకాశంలోకి ఒక మబ్బు వచ్చింది. ఊరి మీద కాసేపు నిలబడి, అటూ ఇటూ చూసి, ఎవరినీ ఏమీ అడగకుండా నల్లమల వైపు వెళ్ళిపోయింది. (మా వైపు మబ్బులు తనిఖీకి వస్తాయి. పనికి రావు.) దాని నీడ ఇంకా ఊరు దాటకముందే పెరటి చెట్ల ఆరోగ్య ప్రయోజనాల గుర్తింపు మండలి వారి సర్వే మా వీధిలోకి వచ్చింది.

మనుషులు చెట్లను వాడుకోవడం మొదలుపెట్టి వేల ఏళ్ళయినా, వాడుకున్నట్టు రుజువు ఒక్కటీ దాచిపెట్టుకోలేదు. ఈ నిర్లక్ష్యాన్ని సరిదిద్దడానికే మండలి పుట్టింది. దాని మొదటి ఉత్తర్వు చాలా చిన్నది: ఏ చెట్టు మనిషికి మేలు చేయుచున్నదో ఆ మేలు నమోదు కావలెను, నమోదు కాని మేలు చేయుటయు, పొందుటయు అనధికార వైద్యముగా పరిగణింపబడును. వేపచెట్టు గాలి పీల్చేవాళ్ళ సంగతి రెండో ఉత్తర్వులో తేలుస్తామన్నారు. అందాకా ఊపిరి తీసుకోవచ్చు.

మా పక్కింటి సోమక్కకు పెరట్లో ఉన్నది ఒకటే చెట్టు. పరంగి చెట్టు. పట్నం వాళ్ళు బొప్పాయి అంటారే, దాన్నే మేం పరంగి అంటాం. అంట్లు తోమిన నీళ్ళతో పెరిగింది. నీళ్ళకు మరీ కటకటగా ఉన్న రోజుల్లో సోమక్క ముఖం కూడా ఆ చెట్టు మొదట్లోనే కడుక్కునేది.

ఆమె మొగుడు ఓబుళేశు ముప్పై ఏళ్ళు గనుల్లో నాపరాయి కొట్టాడు. తర్వాత రాయి ఆయన్ను కొట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు నోట్లో ఆరు పండ్లు మిగిలాయి, అవి కూడా ఒకదానికొకటి ఎదురుపడవు. నమలకుండా మింగిన తిండి కడుపులో నాపరాయి మాదిరే పరుచుకుంటుంది. తెల్లారి ఒక పళ్ళెం పరంగి ముక్కలు తింటేనే పదిగంటలకల్లా ఆయన మనుషుల్లో పడతాడు. నోట్లో ఆరు పండ్లు, చెట్టు మీద పద్నాలుగు. ఓబుళేశు బతుకు ఈ ఇరవై పండ్ల మీద నడుస్తోంది.

సర్వేకి వచ్చింది శివజ్యోతి, మా ఊరి సచివాలయంలో పనిచేసే అమ్మాయి. చేతిలో ఫోను, నెత్తిన చున్నీ. చేత్తో టైపు చేస్తే తప్పులు దొర్లుతాయి కాబట్టి చెట్టు పేరును యజమాని తన నోటితో చెప్పాలి, ఫోనే విని రాసుకోవాలి అని మండలి నిబంధన. తరతరాల విజ్ఞానం చెక్కుచెదరకుండా ఉండటానికి ఈ ఏర్పాటు.

"సోమక్కా, చెట్టు పేరు ఈడ గట్టిగా చెప్పు."

"ఏం పాపా, దానికి చెవుడా?"

"చెప్పక్కా, ఇంకా నలభై ఇండ్లు ఉండాయి."

"పరంగి చెట్టూ!"

ఫోను విన్నది. కాసేపు ఆలోచించింది. 'ఫిరంగి' అని రాసుకుంది.

"ఫిరంగి కాదక్కా, పరంగి అను."

"నేనేమన్నా ఫిరంగి అంటినా? పరంగి! పప్పులో ప!"

మూడోసారి కూడా ఫోను ఫిరంగి అనే రాసి, 'మీ ఉద్దేశం ఫిరంగియేనా?' అని మర్యాదగా అడిగింది. కింద రెండే గడులు ఉన్నాయి. ఒకటి 'అవును'. రెండోది 'మొదటి నుంచి'. మొదటి నుంచి అంటే ఆ పొద్దటి నుంచి ఎక్కించిన అరవై ఇండ్లు మళ్ళీ ఎక్కించాలి. శివజ్యోతి ఒకసారి ఎండకేసి చూసి 'అవును' నొక్కింది. (ఆమెను తప్పుపట్టేవాళ్ళు ఏప్రిల్‌లో మా ఊరికి రండి.)

మిగతా గడుల్లో మాత్రం ఒక్క తప్పూ దొర్లలేదు. సోమక్క చెప్పింది చెప్పినట్టే ఎక్కింది.

"ఏం మేలు చేస్తాది, అక్కా?"

"లోపల ఎంత గట్టిగా పాతుకోని కూర్చున్నా కదిలించి బయటికి తరుముతాది. తెల్లారి ఏస్తే పదికల్లా పని అయిపోతాది."

"దాని పాలు?"

"తామర మీద పూస్తే కాలినట్టు చర్మం లేచిపోతాది. కంట్లో పడిందనుకో, అంతే."

"గింజలు?"

"ఎండబెట్టి పొడి కొట్టి ఇస్తే కడుపులో ఉండేవన్నీ సచ్చి పడతాయి." (పురుగులు అనే మాట ఆమె చెప్పలేదు. మా ఊళ్ళో ఆ మాట ఎవరికీ చెప్పనక్కర్లేదు.)

"పచ్చికాయ?"

"ముదురు పొట్టేలైనా సరే, ఒక్క ముక్క ఏస్తే మాంసం ఎముక నుంచి ఊడిపోతాది."

"ఎవరికి పడదు?"

"కడుపుతో ఉండేటోళ్ళు దగ్గరికి కూడా పోగూడదు."

"ఇంకేమన్నా?"

"పిల్లోళ్ళు గొట్టం పట్టుకోని ఊదుతాంటారు. శబ్దం ఊరవతలికి ఇనబడతాది."

ఆకు కాడ బోలుగా ఉంటుంది, పిల్లలు దాన్ని కోసి బూరలా ఊదుతారు. సోమక్క చెప్పింది దాని గురించే. ఫోనులో ఎక్కింది ఇట్లా: ఫిరంగి, ఒకటి. ఎత్తు, తొమ్మిది అడుగులు. గొట్టం, ఉంది. కాయలు, పద్నాలుగు. ఆ తర్వాత పైన చెప్పిన గుణాలన్నీ.

వాటిని చదివిన పై ఆఫీసులో ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ వచ్చి ఉండేది కాదు.

నాలుగో రోజు నోటీసు వచ్చింది. మీ పెరట్లో జనావాసాల నడుమ ఒక ఫిరంగి, పద్నాలుగు గుండ్లు ఉన్నట్టు మీరే స్వయంగా ఒప్పుకొని ఉన్నారు. మీ నిజాయితీని మండలి అభినందిస్తున్నది. పరిశీలనాధికారి వచ్చేవరకు గుండ్లను కదిలించుట, కోయుట, నోట్లో పెట్టుకొనుట నిషేధం. గర్భిణులు యాభై అడుగుల దూరం నుంచి నడవవలెను అని గోడకు ఒక కాగితం కూడా అంటించారు. మా వీధి వెడల్పు పన్నెండు అడుగులు.

సోమక్క నోటీసు పట్టుకుని శివజ్యోతి దగ్గరికి పోయింది. ఆ అమ్మాయి నొచ్చుకుని, తన అన్నం గంటలో కూర్చుని సవరణ కోసం అర్జీ పెట్టింది. సాయంత్రానికల్లా జవాబు వచ్చింది. (మండలి జవాబులు ఆలస్యం కావు. ఆ నింద ఎవరూ వేయలేరు.) జవాబు: 'ఫిరంగిని బొప్పాయిగా మార్చు సౌకర్యం లేదు. బొప్పాయిని ఫిరంగిగా మార్చు సౌకర్యం కూడా లేదు గనుక తప్పు జరిగి ఉండు అవకాశం లేదు.'

"పోనీ పరంగి అని రాయించు పాపా."

"అదీ చూసినా అక్కా. పరంగి అంటే పరదేశీయుడు అని వస్తాండాది. ఎప్పుడు వచ్చినాడు, ఎవరింట్లో దిగినాడు, ఎప్పుడు పోతాడు, అన్నీ అడుగుతాంది."

"యాడికి పోతాడు? భూమిలోకి వేరు దిగి ఉండాది కదా!"

"అది రాస్తే ఇంకా పెద్ద కేసు అయితాది అక్కా."

నిషేధం మొదలైన మూడో రోజుకు ఓబుళేశు అరుగు మీద ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాడు. నాలుగో రోజు ఆ పక్క కూడా పనికిరాక లేచి నిలబడ్డాడు. ఆయన తిండిని చూస్తే తిండి కూడా ఆయన్ను అనుమానంగా చూస్తున్నట్టుంది.

"ఎట్ల ఉండాది ఓబుళేశన్నా?" అన్నాను.

"నా కడుపు కూడా ఆఫీసైపాయ రా అప్పా. అర్జీలు లోపలికి పోతాండాయి. ఒక్కటీ బయటికి రాల్యా."

"ఒకటి కోసుకోని తిను. ఎవరు చూస్తారు?"

"పద్నాలుగని రాసుకోని పోయినారు కదప్పా. రేపొచ్చి పదమూడంటే ఒకటి యాడ పేల్చినావంటారు."

 

ఐదో రోజు పరిశీలనాధికారి సుందరం వచ్చాడు. కడప దిక్కు మనిషి. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క అబద్ధం కూడా రాయలేదని పేరు. పదకొండు రోజులుగా ఊళ్ళ మీద తిరుగుతున్నాడు, బస్టాండు బజ్జీలతోనే కాలక్షేపం. పెరట్లోకి వచ్చి చెట్టును కిందినుంచి పైదాకా, పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఇది బొప్పాయి కదమ్మా."

"నేనూ అదే చెప్తాండా సామీ!"

"నాకు కనపడతాంది. ఫారానికి కనపడల్యా." ఆయన ఫారం విప్పి చూపించాడు. "ఈడ రెండే గడులు ఉండాయి. ఫిరంగి పనిచేస్తోంది, పనిచేయడం లేదు. పనిచేస్తాంటే కోసి తీసుకపోవల్ల. పనిచేయకపోతే పాతకాలపు గుర్తని మీకే వదిలేస్తాం, మీ చెట్టు మీ ఇష్టం."

"అయితే పనిచేయల్యా అని రాయి సామీ!"

"రాస్తా. కానీ పరీక్ష చేయకుండా రాయనమ్మా. స్వయంగా పరీక్షించవలెను అని ఉండాది సూడు."

పరీక్ష ఎట్లా చేయాలో ఫారంలో లేదు. సోమక్క చెప్పిన వాడకం మాత్రం ఉంది. తెల్లారి వేయాలి, పదికల్లా పని అయిపోవాలి. ఆ ప్రకారం, ఆ పూట పొద్దు ఎక్కింది కాబట్టి, మర్నాడు తెల్లారి వస్తానని, ఒక గుండును తన మీదే ప్రయోగించమని సుందరం రాతపూర్వకంగా అనుమతి ఇచ్చి పోయాడు.

ఆయన వీధి దాటగానే ఓబుళేశు గొంతు తగ్గించి అన్నాడు: "సోమీ, ఇను. పచ్చిది కోయి. ఆ కింద ఉండే ముడ్డి పండని కాయ. దాంతో ఆయనకు ఏమీ కాదు. పనిచేయల్యా అని రాసి పోతాడు."

"ఇంటికొచ్చిన మనిషికి పచ్చికాయ పెట్టమంటావా?"

"ఒక్క దినానికి!"

"నా చేత కాదయ్యో. ఆయన ముఖం చూసినావా? మనిషి నీ కంటే అన్యాలంగా పీక్కపోయి ఉండాడు."

ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆమె చేతులకు చేతకానివి రెండు మూడు ఉన్నాయని ఓబుళేశుకు తెలుసు. వాటితో వాదించడు.

మర్నాడు తెల్లవారుతుండగా సోమక్క చెట్టు మీద అన్నిటికంటే మంచి పండును కోసింది. ముట్టుకుంటే వేలు దిగేట్టుంది. తొక్క తీసి, గింజలు గీకి, పళ్ళెం నిండా ముక్కలు చేసి సుందరం ముందు పెట్టింది. ఆయన ఒకటి తిన్నాడు. ఆగాడు. మిగతావి ఆగకుండా తిన్నాడు. సాక్షిగా ఎదురుగా కూర్చున్న ఓబుళేశు ప్రతి ముక్కనూ పళ్ళెం నుంచి నోటిదాకా కళ్ళతో సాగనంపాడు. (సాక్షులు ప్రయోగంలో పాలుపంచుకోరాదు.)

తొమ్మిదీ ముప్పావుకు సుందరం నీళ్ళ చెంబు అడిగాడు.

తిరిగి వచ్చిన మనిషి వేరు. నడుం నిటారుగా ఉంది. సర్వీసులో చేరినప్పటి నుంచి ముఖంలో పోగుపడిన ముడతలు సగం లేవు. అరుగు మీద కూర్చుని కాసేపు ఆకాశం చూశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"పదకొండు దినాలమ్మా," అన్నాడు. "ఈ పొద్దు మనిషినైనా."

"ఇంగ పనిచేయల్యా అని రాస్తావు కదా సామీ?"

సుందరం పెన్ను తీశాడు. ఇరవై ఆరేళ్ళలో ఒక్క అబద్ధం రాయని చెయ్యి. ఇప్పుడూ తప్పలేదు. 'పనిచేస్తోంది' అన్న గడిలో టిక్కు పెట్టి, పక్కన ఇట్లా రాశాడు: అత్యంత సమర్థవంతంగా.

స్వాధీనానికి మధ్యాహ్నం అని చెప్పి, చెట్లు కొట్టే కత్తుల వాళ్ళకు ఫోను చేశాడు. సోమక్క ఏడవలేదు. చెట్టు కింద ఒక నిమిషం నిలబడి, కింద ఉన్న ఆ పచ్చికాయను తెంపింది.

"ఎట్లాగూ పోతాండాయి. ఒకటన్నా కూరలో పడనీ," అంది. సుందరం తల పక్కకు తిప్పుకుని, 'ప్రయోగంలో ఖర్చు: రెండు' అని రాసుకున్నాడు. ఆయన రాతలో అదొక్కటే అబద్ధమని నా అనుమానం. నేను ఎవరికీ చెప్పలేదు.

ఇద్దరు మనుషులు వచ్చి రెండు దెబ్బలతో చెట్టు పడగొట్టారు. పరంగి మానులో చేవ ఉండదు, తెగిన చోట చూస్తే నడుమంతా బోలు. సుందరం వంగి అందులోకి చూశాడు. 'గొట్టం లోపల బోలుగా ఉన్నట్టు నిర్ధారించడమైనది' అని రాశాడు. పన్నెండు గుండ్లను గోనెసంచిలో వేసి మూతి కట్టారు. సంచి మీద 'ప్రమాదం' అని రాయాలి కాబట్టి శివజ్యోతిని పిలిచారు. ఆ అమ్మాయి రాసింది. చేత్తోనే రాసింది, తప్పు లేకుండా.

అప్పటికి మిట్టమధ్యాహ్నం. ఆ వేళకు ఇంట్లో ఉన్నవాళ్ళను ఆకలితో పంపడం సోమక్క చేతులకు చేతకాని వాటిలో ఇంకొకటి. ముదురు పొట్టేలు కూర, సంగటి. అందరం వరసగా కూర్చున్నాం: సుందరం, శివజ్యోతి, కత్తులవాళ్ళు ఇద్దరు, నేను, చివర్న ఓబుళేశు. సోమక్క వడ్డించి, తనూ ఒక పక్క పళ్ళెం పెట్టుకుని కూర్చుంది. పెరట్లో చెట్టు లేనందువల్ల ఎండ నేరుగా వంటింటి గడప మీద పడుతోంది.

మాంసం వేలు తగిలితే చాలు, ఎముక వదిలేస్తోంది. ఓబుళేశు ఆరు పండ్లతో ఒక ముక్క నమిలాడు. ఇంకొకటి నమిలాడు. పళ్ళెం తుడిచినట్టు తిని, ఖాళీ పళ్ళెం వైపు చూస్తూ కూర్చున్నాడు.

సుందరం కుడిచేత్తో సంగటి ముద్ద కలుపుకుంటూనే, ఎడమచేత్తో ఒళ్ళో ఉన్న ఫారంలో ఖాళీగా మిగిలిన ఆఖరి గడి నింపాడు.

'స్వాధీన సమయంలో ప్రతిఘటన: లేదు.'