వాషరంత తోలు

శుక్రవారం పొద్దున్న బార్తుల్ పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం పడవ రేవులోకి వచ్చేలోగా మామగారి పెట్రోమాక్స్ లైటు వెలిగించాలి.

ఒకప్పుడు అది చేపల పడవ ముక్కున వేలాడేది. దాని వెలుగుకు సార్డీన్ చేపలు గుంపులుగా వచ్చి వలలో పడేవి. తర్వాత జనరేటర్లు వచ్చాయి. ఇప్పుడు చేపలే రావడం లేదు. దీవిలో మూలపడ్డ అలాంటి లైట్లు పది ఏరుకొచ్చి బాగుచేశాడు బార్తుల్. భార్య టోంకా పోయిన ఈ నాలుగేళ్లలో అతను చేసింది అదే. చేయమని ఎవరూ అడగలేదు, చేశాక ఎవరూ మెచ్చుకోలేదు. అందుకే ఆ పని అతనికి నచ్చింది.

అవన్నీ ఉన్న కింది గదిలో సగం వాటా టోంకా అక్క నెదిల్కాది. ఆమె గురువారం సాయంత్రం గుమ్మంలో నిలబడి తేల్చేసింది.

"ఊళ్లోవాళ్ల లైట్లన్నీ బాగుచేశావు. మా నాన్నది మాత్రం మూల పడేశావు. రేపు మధ్యాహ్నానికి అది వెలిగిందా, గది నీదే. వెలగలేదా, సోమవారం మేస్త్రీ వచ్చి స్నానాలగది కడతాడు."

"ఎవరికి?"

"అద్దెకొచ్చే జర్మన్లకి. వాళ్లు స్నానం చేస్తార్లే."

తెల్లవారగానే ఆమె బీపీ చూపించుకోవడానికి స్ప్లిట్ పట్నం ఆసుపత్రికి పడవెక్కింది. బార్తుల్ లైటు విప్పాడు. గాజు బాగుంది, వెలుగిచ్చే గుడ్డతిత్తి, అదే మేంటిల్, కొత్తది. పంపు మాత్రం గాలి పట్టడం లేదు. లోపలి తోలు వాషరు ఎండి బిస్కెట్టులా విరిగింది. కొత్తది మంగళవారం గాని రాదు. రబ్బరు పెడితే ఉబ్బిపోతుంది, మెత్తటి తోలే కావాలి. అతని బెల్టు రెగ్జిన్‌ది. బూట్లూ అంతే.

అటక మీద ఒక అట్టపెట్టె కనిపించింది. అందులో లేసులున్న నల్లటి ఆడ బూట్లు, అడుగుకు మట్టి అంటనివి. టోంకావే అనుకున్నాడు. కొని దాచడం ఆమె అలవాటు. పోయినవాళ్లకు బూట్లతో పనేముందని, లేసుల కింద ఉండే పట్టీ నుంచి కోటు బొత్తామంత ముక్క గుండ్రంగా కోసి ఆలివ్ నూనెలో వేశాడు.

అప్పుడే ప్రోష్పర్ వచ్చాడు. ముప్పై ఏళ్లు ఊరికి ఉత్తరాలు పంచిన మనిషి, సగం ఉత్తరాలు విప్పకుండానే చదివిన మనిషి.

"ఒరే, ఆ బూట్లెక్కడివి?"

"టోంకావి."

"కాదు. నెదిల్కా చావు బూట్లు. కొన్న రోజున ఊరంతా తిప్పి చూపించింది."

బార్తుల్ కత్తి కింద పెట్టాడు. ఆ ఊళ్లో డెబ్బై దాటిన ఆడవాళ్లు శవపెట్టెలోకి గౌను, మేజోళ్లు, బూట్లు ముందే కొని పెట్టుకుంటారు. నెదిల్కా అంతటితో ఆగలేదు. తన చావు నోటీసు కూడా ఫోటోతో సహా సిద్ధం చేయించి, తేదీ ఖాళీ వదిలి, చర్చి గంట కొట్టే యూరెకి అప్పగించింది. తన ఇంట్లో చెమ్మ అని బూట్లు ఇక్కడ పెట్టింది. ముట్టుకోవద్దని కూడా చెప్పింది. దేన్ని ముట్టుకోవద్దందో బార్తుల్ వినలేదు.

"ముక్క అతికిద్దాం," అన్నాడు ప్రోష్పర్. "యూరె దగ్గర పాత ప్రార్థన పుస్తకాల అట్టల తోలుంది. అడిగొస్తా."

"ఎందుకో చెప్పకు."

"నేనా?"

ప్రోష్పర్ యూరెతో అన్నది ఇంతే: "నెదిల్కా చావు బూట్లు బయటికి తీశారు. నల్లతోలు ముక్క ఉంటే తొందరగా ఇవ్వు." అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఆ బూట్లు పెట్టెలోంచి తీసేది ఒక్కసారే. పొద్దున్న ఆమె ఆసుపత్రి పడవెక్కడం యూరె కళ్లారా చూశాడు. ఆమెకు ఫోన్ చేస్తే తాళమేసిన ఇంట్లో మోగింది. అతను తోలు ఇచ్చి పంపించి, గంటగది మెట్లెక్కాడు.

"ఎవరో పోయారు," అన్నాడు ప్రోష్పర్, గంట విడతలు లెక్కపెట్టి. "ఆడమనిషే. మగాడికైతే ఇంకో విడత కొడతారు."

"ఎవరైతే ఏం. జిగురు రాయి."

జిగురు ఆరకముందే పక్కింటి పెరినా చావు ఇంటికి తెచ్చే కాఫీ పొట్లం, చక్కెర పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. వెనక మరో నలుగురు.

"ఎంత పనైపోయింది, అన్నా."

బార్తుల్ ప్రోష్పర్ వైపు చూశాడు. అంటే బూట్ల సంగతి ఊరంతా చెప్పేశాడు.

"తప్పు నాదే. చూసుకోలేదు."

"నీ తప్పేముంది. పాతబడిపోయిన ప్రాణం."

"పాతవేం కాదు. ఒక్కసారైనా తొడుక్కోలేదు."

పెరినా ఏడుపు ఆపి అతని మొహంలోకి చూసింది. దుఃఖంలో మనిషి ఏదో ఒకటి అంటాడని సర్దుకుని, మళ్లీ మొదలుపెట్టింది.

పదకొండున్నరకు బల్ల మీద ఏడు కాఫీ పొట్లాలు, అయిదు బ్రాందీ సీసాలు చేరాయి. కప్పులకు చోటు కోసం ఎవరో లైట్లు పక్కకు జరిపారు. ఒకసారి వెలిగిన మేంటిల్ బూడిదతో సమానం. మూడు రాలిపోయాయి. బార్తుల్ పళ్లు బిగబట్టాడు. టోంకా పోయిన రోజు వీళ్లలో ముగ్గురే వచ్చారు. అందులో ఇద్దరు వానకు చూరు కింద ఆగినవాళ్లు.

ఇంతలో చావు గంట రెండోసారి కొట్టి వచ్చిన యూరె, తేదీ నింపిన నోటీసు చేతికిచ్చాడు. "చర్చి తలుపుకి ఒకటి అంటించాను. ఇది ఇంటికి."

బార్తుల్ చదివాడు. "వదిన పోయిందని నీకెవరు చెప్పారు?"

యూరె ప్రోష్పర్ వైపు చూశాడు. అందరూ చూశారు.

"నేను తోలడిగాను," అన్నాడు ప్రోష్పర్.

రేవులో పడవ కూత పెట్టింది. కాసేపటికి నెదిల్కా మెట్లు దిగి వచ్చింది. పడవలోకే గంట వినిపించిందట. మర్యాద తెలిసిన మనిషి కనుక ఇంటికి వెళ్లి ఓ కాఫీ పొట్లం తీసుకుని, జనం ఉన్నచోటికి వచ్చింది.

"ఎవరు పోయారు? బార్తుల్ కాదు కదా?"

"ఇక్కడే ఉన్నాను వదినా."

యూరె బార్తుల్ చేతిలోంచి నోటీసు తీసి అందించాడు. ఆమె కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది. తర్వాత కూర్చుని ఒక్కొక్కరి మొహం చూసింది.

"ఆ ఎదురింటి మిల్కా రాలేదేం?"

"నడుం నొప్పట," అంది పెరినా.

"నేను పోయిన రోజునే వచ్చింది దానికి నొప్పి."

బార్తుల్ దాచలేదు. బూటు తెచ్చి చూపించి, కోసింది తనేనని చెప్పాడు. ఆమె దాన్ని తిప్పి అడుగు చూసింది.

"ఇది ముప్పైతొమ్మిదో సైజు. నాది ముప్పైయేడు."

అక్కచెల్లెళ్లిద్దరూ ఒకే కొట్లో, ఒకే రకం కొన్నారు. రెండు పెట్టెలూ ఈ అటక మీదే ఉండేవి. టోంకాకు ఆఖరిసారి బట్టలు తొడిగింది నెదిల్కాయే.

"అయితే దానికి నావి తొడిగాను," అంది ఆమె నెమ్మదిగా. "ఎక్కలేదు. కాళ్లు వాచాయనుకున్నాను. బలవంతంగా తోశాను."

బార్తుల్ ఆమె చేతిలోని బూటు తీసుకుని బల్ల మీద పెట్టాడు.

"పెళ్లి రోజున కూడా బిగుతు బూట్లే వేసుకుంది వదినా," అన్నాడు. "ఏమీ అనలేదు."

"నీతో అనలేదు. నాతో అంది."

నలభై ఏళ్లు కాపురం చేశాక అతనికి ఇది ఇప్పుడు తెలిసింది, ఇంతమంది ముందు.

"వెలిగించు," అంది నెదిల్కా.

అతను వాషరు బిగించాడు. ముందుగా లైటు వేడెక్కించేందుకు స్పిరిటు లేదు. ఎవరో తెచ్చిన బ్రాందీ పోసి అంటించాడు. పంపు ఇరవైసార్లు కొట్టాడు. టోంకా తోలు గాలిని పట్టి ఉంచింది. మేంటిల్ పసుపుగా ఎగిసి, తెల్లబడి, బుస్సుమంటూ నిలబడింది. పట్టపగలు దానితో ఎవరికీ పని లేదు. అయినా అందరూ చూశారు.

నెదిల్కా కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"మేస్త్రీని రావద్దని చెప్తాను. మీరంతా ఇళ్లకి నడవండి. కాఫీ ఇక్కడే ఉండనివ్వండి."

పోతూ పోతూ యూరె దగ్గర పెన్ను తీసుకుని నోటీసులో తేదీ కొట్టేసింది. మిగతా మాటల్లో తప్పేమీ లేదంది.